దక్షిణ ఫ్రాన్స్ పల్లెసీమల్లో శిథిల కోటలను చూడడం ఎలా?

పిరెనీస్ పర్వతాలకు ఉత్తరాన, స్పెయిన్ సరిహద్దుకు చేరువలో ఉన్న ఓద్, అరియేజ్ జిల్లాల కొండలమీద మధ్యయుగపు కోటలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పైకప్పులు పోయి, గోడలు సగం కూలి, గాలికీ వానకీ తెరిచి ఉన్నవే. ఫ్రాన్స్‌కు వెళ్ళే మనవాళ్ళు సాధారణంగా పారిస్‌తోనూ, లువార్ నది ఒడ్డునున్న రాజభవనాలతోనూ ప్రయాణం ముగిస్తారు. ఒక వారం చేతిలో ఉండి, కొండ ఎక్కగల ఓపిక ఉన్నవారికి నేను ఈ దక్షిణాది కోటలనే సిఫారసు చేస్తాను. అయితే రాజభవనంలో గదులన్నీ అమర్చి, పలకలు పెట్టి, వరుసగా నడిపించి చూపిస్తారు. శిథిలమైన కోటలో ఆ పని చూసేవారే చేసుకోవాలి. అందుకే ఎలా చేరుకోవాలో, ఎప్పుడు ఎక్కాలో తెలుసుకోవడంతోపాటు అక్కడ దేనికోసం వెతకాలో కూడా ముందుగా తెలుసుకుని వెళ్ళాలి.

మొదట చరిత్రను నాలుగు ముక్కల్లో తెలుసుకోండి

చరిత్ర పుస్తకాలు తిరగేయనక్కరలేదు గాని, రెండు కాలాలను వేరుగా గుర్తుపెట్టుకోవడం మాత్రం తప్పనిసరి. 12, 13 శతాబ్దాల్లో ఈ ప్రాంతంలో కాథార్‌లు అనే క్రైస్తవ శాఖ బలపడింది. ఈ లోకాన్ని చెడ్డ శక్తి సృష్టించిందని నమ్మి, మాంసాహారాన్నీ సంపదనూ విడిచి నిరాడంబరంగా బతికే గురువులను వారు అనుసరించేవారు. రోమ్ చర్చి వారిని మతద్రోహులుగా ప్రకటించింది. 1209లో మొదలై 1229 దాకా సాగిన దండయాత్రలో ఉత్తర ఫ్రాన్స్ ప్రభువులు ఈ దక్షిణ భూములను ఆక్రమించారు. ఆ తరువాత కూడా కొన్ని కొండకోటలు లొంగలేదు. పెయిర్‌పెర్త్యూజ్ 1240లో, మోంసెగ్యూర్ 1244లో, కెరిబ్యూస్ 1255లో ఫ్రెంచి రాజుకు దక్కాయి. మన దగ్గర ఓరుగల్లులో గణపతిదేవుడు పాలిస్తున్న కాలమది.

రెండవ కాలం అక్కడి నుంచే మొదలవుతుంది. 1258లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకీ, ఇప్పటి స్పెయిన్‌లోని ఆరగాన్ రాజైన మొదటి జేమ్స్‌కూ మధ్య కోర్‌బేయ్‌లో ఒప్పందం కుదిరి, ఈ కొండలే రెండు రాజ్యాల సరిహద్దు అయ్యాయి. అగిలార్, కెరిబ్యూస్, పెయిర్‌పెర్త్యూజ్, ప్యూలోరాన్స్, తెర్మ్ అనే ఐదు కోటలను ఫ్రెంచి రాజులు బలపరిచి సైన్యాన్ని నిలిపారు. ఈ ప్రాంతపు పెద్ద కోటనగరం కార్కసోన్ కాబట్టి వీటికి కార్కసోన్ ఐదుగురు కొడుకులని పేరు. 1659 నాటి పిరెనీస్ ఒప్పందంతో సరిహద్దు మరింత దక్షిణానికి జరిగిపోవడంతో ఈ కోటలకు పని లేకుండా పోయింది. ఇక్కడి బోర్డులమీదా ప్రకటనలమీదా ‘కాథార్ కోటలు’ అని కనిపిస్తుంది. నిజానికి ఇప్పుడు నిలిచి ఉన్న గోడల్లో పెద్ద భాగం కాథార్‌లను ఓడించిన రాజులు కట్టించినదే. కోటలో ఏ గోడ దగ్గర నిలబడినా ఇది ఓటమికి ముందుదా, తరువాతదా అని అడగడం అలవాటు చేసుకుంటే సగం చరిత్ర ఆ రాళ్ళే చెబుతాయి.

ఏ కోటలు చూడాలో, ఏ వరుసలో చూడాలో నిర్ణయించుకోండి

వారం రోజుల్లో పది కోటలు చూడవచ్చు, కాని అలా చూస్తే ఒక్కటీ మనసులో నిలవదు. రోజుకొక కోట, మధ్యలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి అనే లెక్కన నాలుగైదు కోటలు ఎంచుకోండి.

ముందుగా కార్కసోన్ చూడండి. అది శిథిలం కాదు. 19వ శతాబ్దంలో వియొలె-ల-ద్యుక్ అనే వాస్తుశిల్పి దాన్ని పునరుద్ధరించాడు. 1997 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఉత్తరాది పద్ధతిలో పలకరాళ్ళతో కోసుగా కట్టిన బురుజు కప్పుల విషయంలో ఆయనను ఆనాడే విమర్శించారు. అయినా అక్కడ సంపూర్ణమైన కోట ఎలా ఉంటుందో కంటికి కనిపిస్తుంది. ప్రాకారాల మధ్య వీధుల్లో తిరగడానికి టికెట్టు అవసరం లేదు గాని, లోపలి ప్రభువుల కోటకూ ప్రాకారాలపై నడకకూ టికెట్టు కొనాలి, అది కొనవలసినదే. ఆ కోట గోడపైన బయటికి పొడుచుకువచ్చిన చెక్క వసారాలను తిరిగి కట్టి చూపించారు. ముట్టడి సమయంలో సైనికులు వాటి నేలలోని సందుల గుండా కిందివారిమీద రాళ్ళు వదిలేవారు. గోడపైభాగంలో ఆ దూలాలను దూర్చిన రంధ్రాల వరుసను ఇక్కడ గుర్తుపట్టడం నేర్చుకుంటే, తరువాత కొండలమీది మోడు గోడల్లో అవే రంధ్రాలు మీకు వాటంతటవే కనిపిస్తాయి. అలాగే 1280 ప్రాంతంలో కట్టిన నార్బోన్ ద్వారం రాళ్ళను దగ్గరగా చూడండి. చుట్టూ అంచు చెక్కి మధ్యభాగాన్ని ఉబ్బెత్తుగా వదిలేసిన ఆ రాళ్ళు రాజుగారి మేస్త్రీల ముద్ర లాంటివి.

తరువాత కోర్బియేర్ కొండల్లోని పెయిర్‌పెర్త్యూజ్, కెరిబ్యూస్. ఈ రెండూ ఒకదానికొకటి కనిపిస్తాయి, కారులో పావుగంట ఇరవై నిమిషాల దూరం. అయినా ఒకే రోజు రెండింటినీ పెట్టుకోకండి. పెయిర్‌పెర్త్యూజ్ సుమారు 800 మీటర్ల ఎత్తున, 300 మీటర్ల పొడవున ఒక సన్నని రాతి శిఖరంమీద పరుచుకుని ఉంది. దానికి ఒక పూట పూర్తిగా పడుతుంది. కెరిబ్యూస్ చిన్నది. 728 మీటర్ల ఎత్తున, రాతి మొన మీద నిలబెట్టిన ఒకే ఒక పెద్ద బురుజు అది. తరువాతి రోజు ఉదయాన్నే ఎక్కితే బాగుంటుంది.

మూడవదిగా లాస్తూర్. కార్కసోన్‌కు ఉత్తరాన ఓర్బియెల్ లోయలో ఒకే కొండ వెన్నుమీద కబారే, రెజీన్, స్యుర్‌దెస్పీన్, కెర్తినో అనే నాలుగు చిన్న కోటలు నిలబడి ఉంటాయి. కొండ ఎక్కలేని పెద్దవాళ్ళు మీతో ఉంటే లాస్తూర్ మంచి ఎంపిక. లోయకు ఎదుటి వైపు ఒక దర్శన స్థలం ఉంది, అక్కడి నుంచి నాలుగు కోటలూ కలిపి కనిపిస్తాయి.

చివరిగా మోంసెగ్యూర్ పెట్టుకోండి. ఎందుకు చివరనో ముందుముందు చెబుతాను.

కాలం ఎంచుకోవడం

ఏప్రిల్ చివరినుంచి జూన్ నడిమి వరకు ఒకటి, సెప్టెంబరు నుంచి అక్టోబరు నడిమి వరకు ఇంకొకటి అనువైన కాలాలు. జూలై, ఆగస్టు నెలల్లో ఎండకు తోడు ఇంకొక చిక్కుంది. కోర్బియేర్ కొండలు ఎండిన పొదలతో నిండి ఉంటాయి. 2025 ఆగస్టులో ఇక్కడ చెలరేగిన కార్చిచ్చు వేల హెక్టార్లను కాల్చేసింది. వేసవిలో జిల్లా అధికారులు ఏ రోజుకారోజు అగ్నిప్రమాద స్థాయిని ప్రకటిస్తారు, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో అడవి దారులనూ కొన్ని కోటలనూ మూసేస్తారు. కాబట్టి వేసవిలో వెళ్ళక తప్పనివారు ముందురోజు సాయంత్రమే ఆ ప్రకటన చూసుకోవాలి. శీతాకాలంలో వేళలు కుదించుకుపోతాయి, జనవరిలో కొన్ని కోటలు పూర్తిగా మూసి ఉంటాయి.

ఏ కాలంలోనైనా గాలిని లెక్కలోకి తీసుకోండి. వాయవ్యం నుంచి వీచే త్రమోంతాన్ అనే గాలి ఈ ప్రాంతంలో రోజుల తరబడి ఆగకుండా కొడుతుంది. కింద ఊళ్ళో చెట్ల కొమ్మలు ఊగుతుంటే పైన గోడల మధ్య నిలబడడమే కష్టమవుతుంది. ఉరుముల వాన, పెనుగాలి ఉన్న రోజుల్లో కోటలు మూయడం మామూలే. ప్రతి కోటకూ కచ్చితమైన తేదీ వేసుకోకుండా, వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ మార్చుకోవడానికి వీలుగా పథకం వేసుకోండి. గాలి రోజున కార్కసోన్‌కో, విల్‌రూజ్-తెర్మెనెస్ అనే ఊరికో వెళ్ళవచ్చు. ఆ ఊరి నడుమనే కోట ఉంది. ఈ ప్రాంతపు చివరి కాథార్ గురువుగా చెప్పుకొనే గిలెమ్ బెలిబాస్త్‌ను 1321లో కాల్చి చంపింది అక్కడే.

వీసా, రైలు, కారు

భారతదేశపు పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి, ఇంకా భారతదేశపు పాస్‌పోర్టుతోనే ఉన్న తెలుగువారికి కూడా ఇది వర్తిస్తుంది, గ్రీన్‌కార్డు ఉన్నంతమాత్రాన మినహాయింపు రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా చూపించాలి. పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుంటున్నట్లయితే, ఆ ఇంటి బుకింగ్ కాగితంలో ప్రయాణికులందరి పేర్లూ, తేదీలూ, పూర్తి చిరునామా ఉండేలా యజమానిని ముందే అడిగి రాయించుకోండి.

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషను నుంచి నార్బోన్‌కు నేరుగా వేగ రైళ్ళు ఉన్నాయి, నాలుగున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. తులూజ్ విమానాశ్రయంలో దిగితే ముందు నగరంలోని మాతబియో రైల్వే స్టేషనుకు చేరుకోవాలి, అక్కడి నుంచి కార్కసోన్‌కు రైలులో గంట లోపు ప్రయాణం. నార్బోన్ నుంచైనా కార్కసోన్ నుంచైనా ముందుకు మాత్రం కారు ఉండాలి. పల్లెలకు బస్సులు ఉన్నా, అవి బడి పిల్లల వేళలకూ సంత రోజులకూ తగ్గట్టు నడుస్తాయి గనుక వాటిని నమ్ముకుని కోటలు చూడడం కుదరదు.

మన డ్రైవింగ్ లైసెన్సుతోపాటు ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను బయలుదేరే ముందే తీసుకోండి. అద్దె కార్లలో గేర్లు మార్చేవే ఎక్కువ గనుక ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే చెప్పి ఉంచాలి. స్టీరింగు ఎడమవైపు, నడపడం రోడ్డుకు కుడివైపు. పల్లెల్లో ఏ గుర్తూ లేని కూడలి వస్తే కుడివైపు నుంచి వచ్చే వాహనానికి ముందు దారి ఇవ్వాలన్నది అక్కడి నియమం. మన దేశంలో నడిపినవారు దీన్ని మరిచిపోవడం చాలా తేలిక, అందుకే రెండుసార్లు చెప్పదగిన మాట ఇది. కొండదారుల్లో ఒక్క కారు మాత్రమే పట్టే మలుపులు వస్తాయి. గలామ్యూస్ లోయ గుండా పోయే దారి అలాంటిదే. అక్కడ రాతిని తొలిచి వేసిన రోడ్డుమీద ఎదురుగా వాహనం వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవలసిందే. నడపడంలో ధైర్యం చాలకపోతే చుట్టుదారిన పోండి. పెట్రోలు బంకులు పల్లెల్లో అరుదు, కాబట్టి పట్నం దాటేముందే ట్యాంకు నింపుకోండి. పంపుమీద ‘గాజోల్’ అని ఉంటే అది డీజిల్ అని గుర్తుంచుకోండి.

బస, భోజనం

కోర్బియేర్ కోటలకు క్యుక్యున్యాన్, ద్యుయాక్ వంటి ఊళ్ళు దగ్గర. అక్కడ ‘జీత్’ అనే పల్లె ఇళ్ళు వారానికి అద్దెకు దొరుకుతాయి. వేసవిలో శనివారం నుంచి శనివారం వరకే ఇవ్వడం ఆనవాయితీ. దుప్పట్లు, తువ్వాళ్ళు, చివరి రోజు శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి. వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడం శాకాహారులకు దాదాపు తప్పనిసరి. ఈ ప్రాంతపు పేరుపొందిన వంటకం కసూలే చూడడానికి చిక్కుడు గింజల కూరలాగే ఉంటుంది గాని అందులో బాతు మాంసం, పంది మాంసం ఉంటాయి. సలాడ్‌లో కూడా పంది మాంసపు ముక్కలు చల్లి తెస్తారు. ‘జ న మాంజ్ ని వ్యాంద్ ని ప్వాసోఁ’ అంటే నేను మాంసం గాని చేపలు గాని తినను అని అర్థం. ఈ మాట ముందుగానే చెప్పడం మంచిది. బియ్యం, శనగలు, ల ప్యూయి పేరుతో అమ్మే ఆకుపచ్చ మసూర్లు సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. పోపుదినుసులూ పచ్చళ్ళూ ఇంటినుంచి తీసుకుపోవచ్చు గాని, ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం బయటి దేశాలనుంచి మాంసపు, పాల పదార్థాలు తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా ఇంటిదగ్గరే వదిలిరండి.

పల్లె దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తరువాత దాదాపు ఏదీ తెరిచి ఉండదు. హోటళ్ళలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండింటి లోపే దొరుకుతుంది, కోట దిగి మూడు గంటలకు వెళ్తే ఏమీ పెట్టరు. కాబట్టి పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకుపోవడమే అన్నివిధాలా సుఖం. దుకాణంలోగాని టికెట్టు గదిలోగాని అడుగుపెట్టగానే ముందుగా ‘బోంజూర్’ అని పలకరించి ఆ తరువాతే పని చెప్పాలి. అది లేకుండా నేరుగా ప్రశ్న అడగడాన్ని అక్కడివారు అమర్యాదగా భావిస్తారు.

ఎక్కే రోజు

ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. మడమను పట్టి ఉంచే, అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. చెప్పులు వద్దు, చీర కూడా ఈ గాలిలో, ఈ మెట్లమీద ప్రమాదమే. శతాబ్దాల పాదాల రాపిడికి సున్నపురాయి నున్నగా అయిపోయింది. ఎండలో కూడా జారుతుంది, వానలో చెప్పనే అక్కరలేదు. మనిషికి లీటరున్నర నీళ్ళు, గాలికి ఎగిరిపోని టోపీ, ఎండ రోజైనా సరే ఒక గాలికోటు సంచిలో ఉండాలి. గొడుగు పనికిరాదు. పైన చాలా కోటల్లో నీరు గాని మరుగుదొడ్డి గాని ఉండవు గనుక టికెట్టు గది దగ్గరే ఆ పని చూసుకోండి. ఊళ్ళోని కుళాయిమీద ‘ఓ నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే ఆ నీరు తాగకూడదు.

టికెట్టు గది నుంచి పెయిర్‌పెర్త్యూజ్ ద్వారం చేరడానికి పావుగంటకు పైగా నడవాలి. దారి కొండకు ఉత్తరపు వైపున పొదల మధ్య నుంచి పోతుంది. చిన్నపిల్లలను చేయి వదలకండి. గోడ ఆగిపోయిన చోట అడ్డుకమ్మీ లేకుండానే లోయ మొదలయ్యే చోట్లు ఉన్నాయి. చంటిబిడ్డ బండి పనికిరాదు, వీపున కట్టుకునే సంచి కావాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కడం కన్నా దిగడానికే ఎక్కువ భయపడాలి. చేతికర్ర ఉంటే మేలు.

లోపలికి వెళ్ళాక ఏం చూడాలి

మొదట లోపలికి వెళ్ళకండి. ద్వారానికి కొంత దూరంలో నిలబడి, శత్రువుగా అక్కడికి చేరితే ఎటునుంచి రావలసి ఉండేదో, ఎక్కడెక్కడ మీమీద బాణం పడేదో చూడండి. ప్యూలోరాన్స్‌లో ఈ సంగతి బాగా తెలుస్తుంది. ద్వారానికి పోయే దారిని అడ్డుగోడలతో వంకరటింకరగా మలిచారు, ఒక్కొక్క మలుపులోనూ పైనున్నవారికి మీ పక్కభాగం దొరికిపోతుంది. భువనగిరి కోట ఎక్కినవారికి ఒక విషయం వెంటనే పట్టుబడుతుంది. కొండరాయే గోడ అయినచోట మేస్త్రీ గోడ కట్టలేదు. రాయి తక్కువపడిన చోట మాత్రమే కట్టాడు. పెయిర్‌పెర్త్యూజ్ దక్షిణపు అంచున గోడ అక్కర్లేకుండా కొండచరియే కాపలా కాస్తుంది.

లోపలికి అడుగుపెట్టాక గోడల్లోని రంధ్రాలను చదవడం మొదలుపెట్టండి. గోడ మొత్తంమీద అడ్డంగా, నిలువుగా సమాన దూరాల్లో చిన్న చదరపు రంధ్రాలుంటే అవి గోడ కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చినవి. ఒకే ఎత్తున వరుసగా పెద్ద రంధ్రాలుంటే అక్కడ దూలాలు ఉండేవని, అంటే మీ తలపైన ఒక అంతస్తు ఉండేదని అర్థం. ఆ ఎత్తున గాలిలో వేలాడుతున్నట్లుగా పొయ్యిగూడో, కిటికీ పక్కన రాతి అరుగో కనిపిస్తే అది మనుషులు కూర్చుని వెచ్చగా ఉన్న గది. అంతస్తు కూలిపోయినా గది గోడకు అంటిపెట్టుకునే ఉంది. పైకప్పు లేని ఖాళీ స్థలంలో అంతస్తులను ఇలా ఒక్కొక్కటిగా తిరిగి నిలబెట్టుకోవడమే శిథిల కోట చూడడంలోని అసలు ఆనందమని నా అభిప్రాయం. పారిస్ నుంచి దక్షిణానికి కారులో వచ్చేవారు బర్గండీలోని గెదెలోన్ దగ్గర ఆగితే ఈ పరంజాలూ దూలాలూ వాడుకలో ఉండగా చూడవచ్చు. అక్కడ 1997 నుంచి 13వ శతాబ్దపు పనిముట్లతో, పద్ధతులతో కొత్తగా ఒక కోటను కడుతున్నారు.

బాణాలు వేసే సన్నని కంతల దగ్గర లోపలి నుంచి నిలబడి చూడండి. బయటికి అరచేయి పట్టనంత సన్నగా ఉన్న కంత లోపలివైపు మనిషి నిలబడేంత వెడల్పుగా తెరుచుకుంటుంది. అందులో నిలబడి దారివైపు చూస్తే, ఎంత దూరం తన ఏలుబడిలో ఉండేదో కాపలాదారుకు తెలిసినట్లే మీకూ తెలుస్తుంది.

తరువాత నీటిని వెతకండి. కొండశిఖరంమీద బావి తవ్వడం కష్టం గనుక ఈ కోటలు వాననీటి మీదే బతికాయి. నేలలో దిగిన గది, లోపలి గోడలకు నున్నని సున్నపు పూత, పైన కమాను కప్పు కనిపిస్తే అది నీటి తొట్టి. దీన్ని చూడకుండా దాటిపోయేవారే ఎక్కువ గాని, ముట్టడుల ఫలితాన్ని చాలాసార్లు తేల్చింది ఈ తొట్లే. 1210లో కాథార్‌లపై దండయాత్రకు నాయకుడైన సిమోన్ ద మోంఫోర్ తెర్మ్ కోటను నాలుగు నెలలపాటు ముట్టడించినప్పుడు లోపల తొట్లు ఎండిపోయి కోటవారు లొంగిపోవడానికి ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద వాన కురిసి తొట్లు నిండడంతో మాట వెనక్కి తీసుకున్నారు. అయితే ఆ నీరు కలుషితమై రక్తవిరేచనాలు పట్టుకోవడంతో ఒక రాత్రి కోట విడిచి పారిపోవలసి వచ్చింది. అదే ఏడాది మినెర్వ్ పట్టణం కూడా బావి దారి ధ్వంసమై, దాహంతోనే లొంగింది.

పెయిర్‌పెర్త్యూజ్‌లో కింది కోట, దానిలోని సెంత్ మరీ గుడి, పాత బురుజు చూసుకున్నాక పడమటి కొసకు నడవండి. అక్కడ 13వ శతాబ్దపు నడిమిలో రాజు కట్టించిన సాన్ జోర్ది అనే పైకోట ఉంది. దానికి చేరే మెట్లను కొండరాతిలోనే తొలిచారు. సెయింట్ లూయీ మెట్లని వాటికి పేరు. పక్కన అగాధం, చేతికి ఆసరాగా తాడు. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు కింది కోటతోనే తిరిగి వచ్చేయండి. ఎక్కగలిగిన రోజున మాత్రం పైనుంచి కింది కోట మొత్తాన్నీ చూడండి. కొత్త యజమాని పాత యజమాని నెత్తిమీద కోట కట్టడమంటే ఏమిటో ఆ ఎత్తునుంచి స్పష్టంగా కనిపిస్తుంది. కెరిబ్యూస్‌లో ప్రధాన బురుజు లోపలికి తప్పక వెళ్ళండి. ఒకే స్తంభం నాలుగు దిక్కులా కమానులను మోస్తున్న ఎత్తైన హాలు ఉంది. బయట అంత మొరటుగా ఉన్న బురుజులో అంత సొగసైన గది ఉంటుందని ఎవరూ ఊహించరు.

మోంసెగ్యూర్

దీన్ని చివరన చూడమన్నది అక్కడ చూడవలసిన కట్టడం తక్కువ, తెలుసుకుని వెళ్ళవలసిన కథ ఎక్కువ కాబట్టి. సుమారు 1,200 మీటర్ల ఎత్తున్న ఆ కొండపైకి దాదాపు అరగంట నిటారు ఎక్కుడు. 1243 మే నెలలో మొదలైన ముట్టడి 1244 మార్చి మొదట్లో లొంగుబాటుతో ముగిసింది. కాథార్ నమ్మకం వదులుకున్నవారిని విడిచిపెడతామని చెప్పి పదిహేను రోజుల గడువు ఇచ్చారు. గడువు తీరిన మార్చి 16న, నమ్మకం వదలని రెండువందల మందికి పైగా మనుషులను కొండ కింద కాల్చి చంపారు. గడువు మొదలయ్యాక, చావు ఖాయమని తెలిసి కూడా కొత్తగా ఆ మతదీక్ష తీసుకున్నవారు వారిలో ఉన్నారు. దారి మొదట్లో మైదానంలో ఒక స్మారక శిల ఉంది. దాని దగ్గర ఆగి, ఆ తరువాత ఎక్కండి.

పైన కనిపించే గోడలు మాత్రం ఆ మనుషులు చూసినవి కావు. గెలిచినవారి తరఫున ఆ భూమి పొందిన లెవీ వంశం తరువాత కట్టించిన కోట అది. కాథార్‌ల కాలపు ఊరి ఆనవాళ్ళు కోట గోడ బయట, ఉత్తరపు వాలులో మెట్లుమెట్లుగా దిగిన ఇళ్ళ పునాదుల్లో మిగిలాయి. చాలామంది లోపలి ఖాళీ ముంగిలి చూసి నిరాశతో దిగిపోతారు. మీరు గోడ వెంట బయటివైపున ఆ పునాదుల కోసం చూడండి, ఆపైన కింది ఊళ్ళోని చిన్న పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళండి.

టికెట్టు లేని శిథిలాల విషయంలో

పేరున్న కోటలు కాక, పటంమీద కేవలం శిథిలమని గుర్తు పెట్టిన బురుజులు, గోడలు పల్లెపల్లెకూ ఉన్నాయి. ఫ్రాన్స్ జాతీయ సర్వే సంస్థ ఐజీఎన్ అచ్చువేసే 1:25,000 పటాల్లో అవి దొరుకుతాయి. వాటిలో చాలా భాగం ఎవరో ఒకరి సొంత ఆస్తి. ‘ప్రోప్రియెతె ప్రివె’ అంటే సొంత స్థలం, ‘ఆక్సె ఆంతెర్‌ది’ అంటే ప్రవేశం లేదు, ‘షూత్ ద పియేర్’ అంటే రాళ్ళు పడతాయి. ఈ మూడింటిలో ఏది కనిపించినా వెనుదిరగండి. కూలిపోతున్న గోడ పక్కన నిలబడి ఫోటో తీసుకోవడం ఎవరి ప్రాణానికీ తగిన మూల్యం కాదు. శరదృతువు నుంచి చలికాలం చివరిదాకా వేట సాగుతుంది. దారిలో ‘షాస్ ఆఁ కూర్’ అనే బోర్డు ఉంటే ఆ పక్కకు పోవద్దు, ముదురు రంగు బట్టలు వేసుకోవద్దు.

గోడలు ఎక్కకండి. ఒక్క రాయి కదిలితే దాని పైనున్న సున్నంలోకి నీరు దిగి, తరువాతి చలికాలంలో గోడంతా విచ్చిపోతుంది. నేలమీద కనిపించే పెంకు ముక్కను కూడా ఉన్నచోటే వదలండి. ఫ్రాన్స్‌లో అనుమతి లేకుండా పురాతన వస్తువుల కోసం లోహశోధక యంత్రం వాడడం నేరం. పొయ్యి వెలిగించడం, సిగరెట్టు కాల్చడం ఈ పొదల మధ్య ఏ నెలలోనూ చేయకూడని పనులు.

ఒంటరిగా వెళ్ళేవారు ఏ కోటకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో బస యజమానికి చెప్పి బయలుదేరాలి. లోయల్లో ఫోను సిగ్నలు పోతుంది కాబట్టి పటాలను ముందే ఫోనులోకి దించుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 112 నంబరుకు ఫోను చేయాలి. అక్కడ ముందుగా అడిగేది మీరున్న చోటు. కోట పేరూ, దాని కింది ఊరి పేరూ ఫ్రెంచి అక్షరాల్లో ఒక కాగితంమీద రాసుకుని టికెట్టుతోపాటు జేబులో ఉంచుకోండి.